కొలతల పుస్తకంలో లేని పేరు

బడికి పోనని మారాం చేసే పిల్లవాణ్ణి బెదిరించడానికి మన పెద్దలు రెండు మాటలు సిద్ధంగా వుంచుకున్నారు. ఒకటి "గొడ్లు కాచుకుంటావు". రెండోది "రాళ్ళు కొట్టుకుంటావు". మొదటి మాటలో కొంత వాత్సల్యమైనా వుంది. గొడ్లు కాయడం కృష్ణుడంతటివాడు చేసిన పని. రెండోదానిలో ఆ పాటి దయకూడా లేదు. జైలుకు పోయినవాడు రాళ్ళు కొడతాడు. చదువు అబ్బనివాడు రాళ్ళు కొడతాడు. కరువులో తిండికి మొహం వాచినవాడు రాళ్ళు కొడతాడు. మన భాషలో రాళ్ళు కొట్టడమనేది ఒక పని పేరుగా కాక, ఒక గతి పేరుగా స్థిరపడిపోయింది.

ఈ మాట నేనూ అన్నాను. పాఠాలు చెప్పుకు బతికేవాడు అనకూడని మాటలు చాలా అంటాడు, వాటిలో ఇదొకటి. నిరుడు వానలు వెలిసిన తర్వాత మా కాలేజీ ముందు రోడ్డుమీద గుంతలు పూడుస్తున్నారు. తారు పొగ కిటికీలోంచి తరగతిలోకి వస్తోంది. నేను ప్రబంధాలలో పురవర్ణన చెబుతున్నాను. వెనకబెంచీలో ఒక కుర్రవాడు పాఠం విడిచిపెట్టి బయటికే చూస్తున్నాడు. "ఏమయ్యా, ఆ తట్ట నువ్వే మోయాలని వుందా?" అన్నాను. తరగతి అంతా నవ్వింది. అతను నవ్వలేదు, తల కూడా దించుకోలేదు. సాయంకాలం నేను గేటు దాటేసరికి అతను రోడ్డు పక్కన నిలబడి, గుంతలో దుమ్ము వూడుస్తున్న ఒకావిడతో మాట్లాడుతున్నాడు. నన్ను చూసి ఆవిడ చీపురు కింద పెట్టి, "మా పిల్లోడు బాగ చదువుతాండాడా సార్?" అని అడిగింది. బాగానే చదువుతున్నాడమ్మా అన్నాను. అంతకుమించి నాకు నోరు పెగల్లేదు.

నా తప్పు ఒప్పుకొని పుణ్యం కట్టుకోవడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఆ మాట నా నోటికి ఎక్కడినుంచి వచ్చింది, ఎంత పాతది, ఎవరి అవసరం కోసం పుట్టింది అని వెతకబోయాను. వెతికినమీదట నాకు తోచింది ఇది: మన దేశంలో పాలకులు రోడ్డుపనిని పన్నుగా చేయించుకున్నారు, శిక్షగా చేయించుకున్నారు, భిక్షగా చేయించుకున్నారు. కూలి ఇచ్చి చేయించుకునే ఒక వృత్తిగా మాత్రం దాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకొన్న రోజులు చాలా తక్కువ. ఈ మూడు అలవాట్లూ కలిసే మన నోట్లో సామెతలాగా కూర్చున్నాయి. ఈనాటికీ ఆ పనివాడి కూలి రేటును నిర్ణయించడంలో వాటికి చేయి వుంది.

ముందుగా ఆ పని ఏమిటో చూద్దాం. చదువుకున్నవాళ్ళం రోజూ ఆ రోడ్డుమీద నడుస్తాం గాని, గుంత పూడ్చడమంటే గుంతలో ఏదో ఒకటి పోయడమనే అనుకుంటాం. అలా పోసింది మొదటి వానకే లేచిపోతుంది. పని తెలిసిన ముఠా ముందు గుంత అంచుల్ని గడ్డపారతో నిలువుగా, చదరంగా చెక్కుతుంది. వదులుగా వున్న రాయినంతా ఏరి పారేస్తుంది. తడి, దుమ్ము లేకుండా వూడుస్తుంది. ఆ మీదట వేడి తారు పలచగా చల్లి, తారు పట్టించిన కంకర చిప్స్ పోసి, చుట్టూ వున్న రోడ్డుకంటే ఒక పిసరు ఎత్తుగా వుంచి దిమ్మిసతోగాని, రోలరుతోగాని అణుస్తారు. ఎంత ఎత్తు వుంచాలో అనుభవం వున్న కంటికి తెలుస్తుంది. తారు ఎక్కువ కాగితే జిగి చచ్చిపోతుంది. తక్కువ కాగితే రాయిని పట్టదు. పొగ రంగు చూసి పాకం చెప్పగలిగినవాళ్ళు ప్రతి ముఠాలోనూ ఒకరిద్దరుంటారు. కాళ్ళకు గోనెపట్టాలు చుట్టుకొని, టైరు చెప్పులు తొడుక్కొని, ఆ వేడిమీద నిలబడి చేసే ఈ పనికి సర్కారు కాగితాలలో పేరు "నైపుణ్యం లేని పని".

రోడ్డుకు పెద్ద శత్రువు బండి కాదు, నీళ్ళు. అందుకే రోడ్డు నడుము కాస్త ఉబ్బెత్తుగా వుండాలి, అంచులు వాలుగా వుండాలి, పక్క కాలవ పూడిపోకుండా వుండాలి. ఇవి ఒకసారి చేసి వదిలేసే పనులు కావు. మనిషికి వెంట్రుకలు కత్తిరించినట్టు ఏటేటా చేస్తూండవలసినవి. ఇక్కడే చరిత్రకారులు పొరబడ్డారని నా అభిప్రాయం. చరిత్రలో రోడ్డు వేయించినవాడు వుంటాడు, వేయించిన సంవత్సరం వుంటుంది. కాని రోడ్డు ఏ సంవత్సరానికా సంవత్సరం మళ్ళీ పుట్టవలసిన వస్తువు. దాన్ని ఏటేటా మళ్ళీ పుట్టించిన మనిషికి ఆ చరిత్రలో చోటు లేదు.

మా కడప జిల్లాలోనే పోరుమామిళ్ళ చెరువు శాసనముంది. క్రీ.శ. 1369 నాటిది, సంస్కృతంలో వుంది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువు తవ్వించాడు. మంచి చెరువుకు వుండవలసిన పన్నెండు అంగాలేవి, రాకూడని ఆరు దోషాలేవి అన్నది ఆ శాసనం శాస్త్రంలాగా చెబుతుంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాతికోసం వంద బళ్ళు, రెండు సంవత్సరాల కాలం అని లెక్కకూడా చెబుతుంది. మన శాసనాలలో పనివాళ్ళ లెక్కయినా చెప్పినవి అరుదు కాబట్టి ఆ కవికి మనం రుణపడి వున్నాం. కాని వంశవృక్షమంతా రాకుమారుడిది. వెయ్యిమందికీ కలిపి దక్కింది ఒక్క సంఖ్య. చెరువు కట్ట వేరు, రోడ్డు వేరు అనవచ్చు. మట్టి తవ్వి, రాయి కొట్టి, తట్టకెత్తి మోసిన కులాలు రెంటికీ ఒకటే.

రోడ్డు విషయానికి వస్తే, కంపెనీ పాలన మొదటి రోజుల్లో మనకు వుండినవి చాలావరకు బాటలే. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నంనుంచి బయలుదేరి మా కడప మీదుగానే హైదరాబాదుకూ, అక్కడినుంచి కాశీకీ వెళ్ళారు. ఆయన కాశీయాత్ర చరిత్రను మా విద్యార్థులకు తెలుగులో మొదటి యాత్రాగ్రంథంగా చెబుతాం. దాన్ని రోడ్ల చరిత్రగా కూడా చదవవచ్చు. ఎక్కడ ఇసక, ఎక్కడ రేగడ, ఎక్కడ రాతినేల, ఎక్కడ అడవి అని ఆయన మజిలీ మజిలీకి రాసుకున్నాడు. దారి చెడ్డదైనకొద్దీ ఆయన్ను మోసే బోయీల కాళ్ళు ఎక్కువ తెగేవని పాఠకుడు తనంతట తానే గ్రహించుకోవాలి. రోడ్డు లేని దేశంలో మనిషి భుజమే రోడ్డు.

ఆ కాలానికే ఇంగ్లండులో మెకాడమ్ పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. పెద్ద బండలు పరచనక్కరలేదు. నేలను తడి లేకుండా వుంచి, చిన్నచిన్న కోణాలున్న రాతిముక్కల్ని పొరలుగా పరిస్తే అవే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి అన్నది దాని సారాంశం. ఆరు ఔన్సులకు మించిన ముక్క వుండగూడదన్నాడాయన. రాయి పగలగొట్టడానికి బలమైన మగవాళ్ళు అక్కరలేదు, ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు కూర్చొని చిన్న సుత్తులతో కొట్టవచ్చు అనికూడా అన్నాడు. రోడ్ల నిర్మాణంలో విప్లవం తెచ్చిన ఈ ఆలోచనలో చవక కూలి లెక్క మొదటినుంచీ ఇమిడే వుంది. ఆ పద్ధతి మన దేశానికి వచ్చేసరికి కూర్చొని కొట్టే ఆడవాళ్ళకూ పిల్లలకూ కొరత లేదు. మొన్నమొన్నటిదాకా మన రోడ్ల పక్కన గొడుగంత తాటాకు నీడ వేసుకొని, కాలివేళ్ళ మధ్య రాయి పట్టుకొని కంకర కొట్టిన అమ్మలు ఆ లెక్కకు వారసులు.

కంకర రోడ్డు వేసినంత మాత్రాన నిలవదు. ఇనప పట్టా వేసిన బండి చక్రం ఎండాకాలంలో దాన్ని పిండి చేస్తుంది. వానాకాలంలో గాడి కోస్తుంది. కాబట్టి మైళ్ళ పొడుగునా రోడ్డు పక్కన కంకర కుప్పలు, వాటిని పరిచే ముఠాలు శాశ్వతంగా వుండవలసి వచ్చింది. ఈ పనికి పాలకుల కళ్ళు సహజంగానే వడ్డెరలమీద పడ్డాయి.

వడ్డె లేక ఒడ్డె అనే మాట ఓఢ్రదేశంనుంచి వచ్చిందని అంటారు. 1909లో అచ్చయిన థర్‌స్టన్ గ్రంథంలోకూడా అదే వుంది. రాతిపని చేసేవాళ్ళు కల్లు వడ్డెలు, మట్టిపని చేసేవాళ్ళు మన్ను వడ్డెలు. కన్నడదేశంలో భోవీలన్నా, తమిళదేశంలో బోయర్లన్నా చాలామంది ఇళ్ళల్లో తెలుగే మాట్లాడతారు. పని ఎక్కడ వుంటే అక్కడికి పిల్లా జెల్లాతో, గాడిదలతో తరలిపోయే ఈ జనం దక్షిణదేశంలోని చెరువులకూ కాలవలకూ రైలుకట్టలకూ రోడ్లకూ చెయ్యి వేశారు. మా వూరి దగ్గర ఒక ముసలి మేస్త్రీ వున్నాడు. గుండును ఎలా పగలగొడతారని అడిగితే, కింద మంట వేసి వేడెక్కించి, ఆ మీదట సుత్తి ఆన్చి వింటామన్నాడు. "రాయే చెప్తాది సార్, యాడ కొట్టాల్నో. మనం సెవి పెట్టల్ల" అన్నాడు. ఇరవై యేళ్ళుగా అలంకారశాస్త్రం చదువుతున్నాను. ధ్వని గురించి ఇంత సూటిగా చెప్పినవాణ్ణి చూడలేదు.

ఇంతటి పనివాళ్ళను సర్కారు ఏం చేసింది? 1871లో నేరస్థ జాతుల చట్టం పుట్టింది. 1911లో దాన్ని మద్రాసు రాజధానికి విస్తరించారు. ఆ చట్టం కింద ప్రకటించిన జాబితాలలో "దొంగ వడ్డెలు" అని ఒక పేరు చేరింది. ఆ చట్టం పేరు మోసినవాడు పోలీసువాళ్ళకు హాజరు చెప్పుకోవాలి. చెప్పకుండా వూరు దాటగూడదు. పనికోసం వూళ్ళు తిరగడమే బతుకైన మనిషికి తిరగడమే నేరమయింది. స్వాతంత్ర్యం వచ్చిన అయిదేళ్ళకు, 1952లో గాని ఆ చట్టం రద్దు కాలేదు. ఈమధ్య మా ప్రాంతంలో వడ్డె ఓబన్న జయంతులు జరుగుతున్నాయి. 1846–47లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డితో కలిసి కుంఫిణీమీద తిరగబడ్డ వీరుడాయన, జయంతులు జరపవలసిందే. కాని ఆ సభల బానర్లమీద ఎప్పుడూ కత్తి బొమ్మే వుంటుంది, సమ్మెట బొమ్మ వుండదు. గౌరవం కావాలంటే యుద్ధంలో వెతుక్కోవాలని, పనిలో దొరకదని మనమందరం కలిసి వాళ్ళకు నేర్పినట్టున్నాం.

శిక్షగా రోడ్డుపని సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. కంపెనీ ప్రభుత్వం ఖైదీలకు సంకెళ్ళు వేసి రోడ్లు వేయించేది. మెకాలే సభ్యుడుగా వున్న జైళ్ళ కమిటీ 1838లో ఆ పద్ధతి మానుకొమ్మని సలహా చెప్పింది. జాలిపడి చెప్పిందనుకోరాదు. ఆరుబయట పని శిక్షగా చాలదు, గోడల లోపల ఇంతకంటే కఠినమైన క్రమశిక్షణ వుండాలన్నది వారి ఉద్దేశం. సలహా వచ్చినా రోడ్లమీద సంకెళ్ళ చప్పుడు చాలా సంవత్సరాలు ఆగలేదు. దొంగ చేస్తే శిక్ష అయిన పని, దొంగతనం చేయనివాడు చేస్తే మర్యాద ఎలా అవుతుంది? "రాళ్ళు కొట్టుకుంటావు" అన్న మాటకు ఒక వేరు ఇక్కడ వుంది.

అంతకంటే లోతైన వేరు కరువులో వుంది. దీని దగ్గర కొంచెం ఆగాలి.

1876లో ధాత సంవత్సరాన వానలు తప్పిపోయాయి. మా సీమలో ఈనాటికీ ముసలివాళ్ళు "ధాత కరువు" అంటే ఏదో తమ కళ్ళతో చూసినట్టు చెబుతారు; తాతల నోట విన్నది అంత గట్టిగా నాటుకుంది. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. మద్రాసు ప్రభుత్వం మొదట్లో కొంచెం ధారాళంగానే కరువు పనులు తెరిచింది. రోడ్లకు మట్టి వేయడం, కంకర కొట్టడం, కాలవలు తవ్వడం ఆ పనులు. ఖర్చు పెరిగిపోతున్నదని వైస్రాయి లిట్టన్‌కు దిగులు పట్టింది. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపించాడు. టెంపుల్ వచ్చి, కష్టపడి పనిచేసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిమీద ఉప్పూ మిరపకాయకు కొద్ది చిల్లర చాలునని తేల్చాడు. ఒక పౌనంటే ఇప్పటి లెక్కలో అరకిలోకంటే తక్కువ. ఆడవాళ్ళకూ పిల్లలకూ ఇంకా తక్కువ.

దీన్ని మద్రాసు ఆరోగ్యశాఖ కమిషనరు డాక్టరు కార్నిష్ ఎదిరించాడు. ఒళ్ళువంచి పనిచేసే మనిషికి ఒకటిన్నర పౌనైనా వుండాలి, పైన కూరా పప్పూ వుండాలి, లేకపోతే వాడు చస్తాడు అని వైద్యుడుగా వాదించాడు. టెంపుల్ కూలితో పనిచేసినవాళ్ళు నిజంగానే చచ్చారు. కొన్ని నెలల తర్వాత ఆ కూలి కొంత పెంచక తప్పలేదు. డిగ్బీ 1878లో రాసిన గ్రంథంలో ఈ వాదోపవాదాలన్నీ వున్నాయి. అవి చదువుతుంటే నన్ను కలవరపెట్టింది టెంపుల్ క్రూరత్వం కాదు, ఆయన తర్కం. పని చేయించుకుంటున్నాడు గనక అది దానం కాదు. దానం చేస్తున్నాడు గనక అది కూలి కాదు. కూలి కాదు గనక బజారు రేటు అక్కరలేదు. దానం కాదు గనక మనిషి నీడపట్టున కూర్చొని తినకూడదు. రెండు వైపులా పదును పెట్టిన కత్తి ఇది. దీనికి తోడు దూరపు పరీక్ష అని ఒకటి పెట్టారు. ఇంటికి పదిమైళ్ళలోపు ఒళ్ళు గట్టిగా వున్నవాళ్ళకు పని ఇవ్వరు. నిజంగా ఆకలివున్నవాడైతే పదిమైళ్ళు నడిచి వస్తాడు గదా అని!

కరువు పనికి రాళ్ళు కొట్టడాన్ని అంతగా ఎందుకు ఎంచుకున్నారు? రోడ్లకు కంకర కావాలన్నది నిజమే. అంతకంటే ముఖ్యమైన కారణం వేరే వుంది. నేతగాణ్ణీ, రైతునూ, కుమ్మరినీ ఎవర్నయినా తెచ్చి కూర్చోబెట్టి సుత్తి చేతికివ్వవచ్చు. కొట్టినదాన్ని కుప్పపోసి కొలవవచ్చు. ఇష్టపడి ఎవరూ రారు. అంటే పనికి వున్న కష్టాన్నే ఆకలికి గీటురాయిగా వాడుకున్నారు. 1880 కరువు కమిషను తర్వాత 1883లో వచ్చిన కరువు నిబంధనలు ఈ పద్ధతిని కాస్త మెత్తబరిచాయి గాని మార్చలేదు. వడ్డెవాడు తరతరాలుగా చెవిపెట్టి నేర్చుకున్న విద్యను, ఎవడైనా ఎప్పుడైనా చేయగల పనిగా, చేయక తప్పని దిక్కుమాలిన పనిగా మార్చింది ధాత కరువే. నైపుణ్యం లేని పని అన్న ముద్రకు పుట్టినూరు ఆ కంకర కుప్పలే.

మా సీమలో కరువు చేయించినదాన్ని విశాఖ మన్యంలో అధికారం చేయించింది. అక్కడ ఆకలి పరీక్షలు లేవు, వెట్టి వుంది. నర్సీపట్నంనుంచి కొండమీది చింతపల్లికి రోడ్డు వేయడానికి గూడెం తాసిల్దారు బాస్టియన్ కొండజనాన్ని బలవంతాన పనిలోకి దించాడు. రావలసిన కూలి చేతికి రాలేదు. ఎదురు చెబితే కొరడా. ఆ రోడ్డు కొండవాళ్ళకోసం కాదు. కలప దిగడానికి, పోలీసులు ఎక్కడానికి. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషనుమీద పడి తుపాకులు పట్టుకుపోయిన సంగతి మనకు బాగా తెలుసు. బాలల పుస్తకాలలో వుంది, సినిమాలో వుంది, బుర్రకథలో వుంది. ఆ తిరుగుబాటు వెనక అడవి చట్టాలతోపాటు ఒక రోడ్డు కూలి తగాదా వుందన్నది మాత్రం కథల్లో వెనకబడింది. గాము గంటం దొర, మల్లు దొరలు ఆయన వెంట నడవడానికి బాస్టియన్‌మీది కసి ఒక కారణం. రామరాజును మనం మహాపురుషుడుగా నిలబెట్టుకున్నాం. ఆయన దగ్గరికి చేతులు పొక్కి వచ్చిన రోడ్డుకూలీని ఆయన నీడలో కలిపేశాం. తెలంగాణా వెట్టి సంగతి నేను వేరే చెప్పనక్కరలేదు. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' చదివినవారికి ఆ పుండు ఎక్కడ సలుపుతుందో తెలుసు.

ఇక్కడ మన రచయితలనుగురించికూడా ఒక మాట అనుకోవాలి. తాజ్‌మహల్ కట్టినవాళ్ళను గురించి శ్రీశ్రీ 'దేశచరిత్రలు'లో అడిగిన ప్రశ్నను మనం ప్రతి సభలోనూ చదువుతాం, చప్పట్లు కొడతాం. సభ ముగించి బయటికి వచ్చి నడిచే రోడ్డును గురించి అదే ప్రశ్న వేసుకోం. తాజ్‌మహల్ దూరంగా వుంది. ఆ కూలీకి మనం బాకీ లేము. మన సాహిత్యంలో పాలేరు వున్నాడు, కౌలురైతు వున్నాడు, నేతపనివాడు వున్నాడు. రోడ్డు పనివాడు కథలో కనిపిస్తే ఎండ ఎంత తీవ్రంగా వుందో చెప్పడానికి కనిపిస్తాడు. కథానాయకుడి జాలిగుండె నిరూపించడానికి కనిపిస్తాడు. ఆ తర్వాత బస్సు కదిలిపోతుంది. ప్రబంధ కవుల పురవర్ణనలో రథాలున్నాయి, ఏనుగులున్నాయి, వీథులున్నాయి, వీథి వేసినవాడు లేడని మేము తరగతిలో విమర్శిస్తాం. మన కథలో వాడు వుండీ లేడు.

1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించింది. పన్నుగా చేయించే దారి మూసుకుపోయింది. భిక్షగా చేయించే దారి మాత్రం చాలాకాలం తెరిచే వుంది. రాజస్థాన్ ప్రభుత్వం 1964లో కరువు పనులలోని కూలీలకు కార్మిక చట్టాలు వర్తించవని ఏకంగా ఒక శాసనమే చేసింది. ఆ రాష్ట్రంలో మదన్‌గంజ్–హర్మారా రోడ్డు కరువు పనిగా వేస్తున్నారు. కూలీలలో ఎక్కువమంది షెడ్యూల్డు కులాలవారు. గుంపుగా చేసిన పనిని పక్షానికోసారి కొలిచి, వచ్చినదాన్ని గుంపులో అందరికీ సమంగా పంచేవారు. కనీస వేతనం రోజుకు 7 రూపాయలైతే చాలామందికి అంతకంటే తక్కువ ముట్టేది. 1983లో ఈ తగాదా సుప్రీంకోర్టులో తేలింది. కరువులో చిక్కుకున్నవాడి నిస్సహాయతను ఆసరా చేసుకొని కనీస వేతనంకంటే తక్కువ ఇస్తే అది వెట్టిచాకిరీయే అవుతుంది, ప్రభుత్వం ఇస్తున్నది ముష్టి కాదు, వాళ్ళు చేసిన పనికి విలువ వుంది, ఆ రోడ్డుమీద జనం నడుస్తారు అన్నది న్యాయమూర్తి భగవతి తీర్పు సారాంశం. ఏడాది ముందు ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణాల కేసులో చెప్పిన సూత్రాన్నే ఇక్కడ కరువు రోడ్డుకు వర్తింపజేశారు. టెంపుల్ తర్కానికి జవాబు రావడానికి నూటఆరు సంవత్సరాలు పట్టింది. ఆ జవాబు చెప్పించింది తట్ట మోసినవాళ్ళు.

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మా పొరుగు అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆరంభమైంది. ధాత కరువు నేలమీదే పని ఒక హక్కు అని చెప్పవలసి రావడం యాదృచ్ఛికం కాదు. ఆ పథకంలో కంట్రాక్టరుకు చోటు లేదన్న నియమమే దాని ప్రాణం. పల్లె బాటలు చాలా ఆ పనులకిందే పడ్డాయి. లోపాలు లేవని కాదు. ఆలస్యంగా వచ్చిన కూలీ, దొంగ మస్టర్లూ అందరికీ తెలిసినవే. కాని మస్టర్లో పేరుండేది. పేరున్నచోట దొంగతనాన్ని పట్టుకోవచ్చు, అడగవచ్చు, సామాజిక తనిఖీలో పదిమందిముందు చదివించవచ్చు.

పెద్ద రోడ్ల సంగతి దీనికి నేరుగా తలకిందులు. అక్కడ వెనక ఇలాకాలోనే గ్యాంగు కూలీలుండేవాళ్ళు. ఇన్ని మైళ్ళకు ఇంతమంది అని లెక్క. ఏ మైలురాయి దగ్గర నీళ్ళు నిలుస్తాయో, ఏ కల్వర్టు కింద ఏటేటా కోత పడుతుందో వాళ్ళకు తెలుసు. ఆ తెలివి ఎక్కడా రాసి లేదు. వాళ్ళు పోతే అదీ పోతుంది. పొరుగున తమిళనాడులో 2002లో ప్రభుత్వం దాదాపు పదివేలమంది రోడ్డు పనివాళ్ళను తొలగించింది. వాళ్ళు పోరాడి 2006లో మళ్ళీ పనిలో చేరారు. మన దగ్గర అంత పెద్ద తొలగింపు అక్కరలేకుండానే ముఠాలు కరిగిపోయాయి. ఖాళీ అయిన చోట కొత్తవాణ్ణి వేయలేదు, అంతే. పని కంట్రాక్టరుకు పోయింది. కంట్రాక్టరునుంచి సబ్ కంట్రాక్టరుకు, అక్కడినుంచి గుంపు మేస్త్రీకి, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుతో పాలమూరునుంచో మరోచోటునుంచో బయలుదేరిన సంసారాలకు దిగింది. "పాలమూరు లేబరు" అన్న మాట ఒక జిల్లాకు దక్కిన బిరుదు! ప్రాజెక్టులు కట్టింది వాళ్ళే. సొంత పొలానికి మాత్రం నీళ్ళు ఎదురుచూసిందీ వాళ్ళే.

క్రషర్లు వచ్చిన తర్వాత చేత్తో కంకర కొట్టడం తగ్గిపోయింది. మంచిదే, ఆ చాకిరీ పోయిందని ఏడ్చేవాడు మూర్ఖుడు. కాని గుట్ట వడ్డెవాడి చేతిలోంచి క్రషరు యజమాని చేతికి పోయింది. వడ్డెవాడు అదే గుట్టలో దుమ్ము పీలుస్తూ దినకూలి అయ్యాడు. యంత్రం మనిషి కష్టాన్ని తీసుకోలేదు, హక్కును తీసుకుంది. కష్టం ఇంకా అక్కడే, తారు డ్రమ్ము పక్కన నిలబడి వుంది. ఎందుకంటే ఎంత పెద్ద యంత్రంతో పరిచిన రోడ్డయినా వాన పడ్డాక గుంత పడుతుంది. గుంత పూడ్చడానికి మన దగ్గర ఇప్పటికీ మనిషే కావాలి.

నా పాత విద్యార్థి ఒకతను ఇంజనీరింగు శాఖలో పనిచేస్తున్నాడు. ఈ వ్యాసం కోసం నాకొక కొలతల పుస్తకం చూపించాడు. వాళ్ళు ఎం బుక్కు అంటారు. డబ్బు చెల్లింపుకు అదే ప్రమాణం. పని వివరం, సంఖ్య, పొడవు, వెడల్పు, లోతు, మొత్తం అని గళ్ళున్నాయి. శాఖే నేరుగా కూలీలను పెట్టుకున్న రోజుల్లో దీనితోపాటు మస్టరు రోలు వుండేదనీ, అందులో పేర్లూ వేలిముద్రలూ వుండేవనీ చెప్పాడు. కంట్రాక్టు పనికి అది అక్కరలేదు. గుంతను కొలిస్తే చాలు, పూడ్చినవాణ్ణి లెక్కించనక్కరలేదు. పోరుమామిళ్ళ శాసనం కనీసం వెయ్యి అని రాసింది.

పుటలు తిప్పుతుంటే మా కాలేజీ ముందు గుంతలుకూడా కనిపించాయి. మీటర్లలో, రెండు దశాంశాలదాకా. తరగతి కిటికీకి ఎదురుగా వున్నది ఏదో ఆ కొలతలనుబట్టి పోల్చుకోగలిగాను. అన్నిటిలోకీ పెద్దది అదే. ఆవిడ వూడుస్తున్నది దాన్నే.

ఈ సంవత్సరం వానలకు ఆ చుట్టుపక్కల కొత్త గుంతలు మూడు పడ్డాయి. ఆ పాత గుంత మాత్రం లేవలేదు. ఆ కుర్రవాడు చివరి సంవత్సరంలో వున్నాడు. వాళ్ళమ్మ ముఠా ఇప్పుడు బద్వేలు రోడ్డులో పనిచేస్తున్నదట. రోజుకు ఎంత ఇస్తున్నారని అడిగితే, పని అయిపోయినాక మేస్త్రీ లెక్క చూస్తాడన్నాడు.